డైరెక్టరు గారి నాటకంలో నా సూట్‌కేసు

2014 మార్చి 11, మంగళవారం. పొద్దున వాషర్‌లో రెండు లోడ్ల బట్టలు వేశాను. ఇడ్లీకి రుబ్బాను. కారుకి ఆయిల్ మార్పించుకొచ్చాను. మధ్యాహ్నం ఊరగాయకి నిమ్మకాయలు తరుగుతుంటే డైరెక్టరు గారి కూతురు ఫోన్ చేసింది. "నాన్న పొద్దున పోయారు. ముందు మీకే చెప్పమన్నారు," అంది. కాయలన్నీ తరిగాకే కూర్చున్నాను.

ఆయన చాండ్లర్‌లో మా వీధి చివర ఉండేవారు. ఇంగ్లండు మనిషి, వడ్రంగి కొడుకు. వాళ్ళ ఊరి థియేటరులో వేదిక మీది సెట్లకు మేకులు కొడుతూ మొదలుపెట్టి, చిన్న వేషాలు వేసి, నాటకాలు రాసి, చివరికి ఆ థియేటరునే నడిపారు. ఒక్క సెమిస్టరు పాఠం చెప్పడానికి అమెరికా వచ్చి, ఆయాసానికి ఈ ఎడారి గాలి పడిందని ఉండిపోయారు. ఇక్కడి కమ్యూనిటీ హాల్లో ఏడాదికో నాటకం ఆడించేవారు. ఓసారి నేను గ్యారేజీలో చీరకి ఫాల్ కుడుతుంటే చూసి, "గౌన్లు కూడా కుడతారా?" అని అడిగారు. అలా ఆయన నాటకాలకి దుస్తులు నా చేతికి వచ్చాయి.

రిహార్సల్లో ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవారు. "మొహం నటించగలదు. గొంతు దొరికిపోతుంది," అనేవారు. మాటలో అబద్ధం వినబడితే కళ్ళు తెరవకుండానే చెయ్యి ఎత్తేవారు. సొంతంగా ఏదీ కల్పించనని గొప్పగా చెప్పుకునేవారు. "నేను రాయను. వింటాను." మందుల షాపు ఆవిడ నసుగుడు, పోస్ట్‌మాన్ మోకాలి నొప్పి, అన్నీ వేదిక మీదకి వచ్చేవి. గుర్తుపట్టి అందరితోపాటు నేనూ నవ్వాను.

మా ఇంట్లో పెసరట్టు తింటూ ఆయన ఏమీ అడిగేవారు కాదు, ఊరికే కూర్చునేవారు. ఆ నిశ్శబ్దం భరించలేక మనమే మాట్లాడేస్తాం. అలాగే ఒకరోజు చెప్పాను. మావారి ఉద్యోగం పోయి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన ఏడాది, నేను ఒక సూట్‌కేసు సర్దాను. న్యూజెర్సీలో ఉన్నప్పటి చలికోట్ల కింద, గ్యారేజీలో దాచాను.

"మరి వెళ్ళలేదేం?" అన్నారు.

"మర్నాటికి మినప్పప్పు నానబోశాను."

ఆయన చాలాసేపు నవ్వారు. ఇది మన మధ్యే ఉండాలన్నాను. "ఎవరికి చెప్తాను?" అంటూ ప్లేటు ముందుకి జరిపారు. "ఇంకోటి వేస్తారా?"

తర్వాతి ఏడాది కొత్త నాటకం. నాకు కొలతలిచ్చారు గానీ స్క్రిప్టు ఇవ్వలేదు. మొదటి ప్రదర్శనకి మావారిని కూడా తీసుకెళ్ళాను. వేదిక మీద ఇంగ్లండులో ఓ వంటిల్లు. నేను కుట్టిన గౌను వేసుకున్న ఆవిడ కోట్ల కింద నుంచి సూట్‌కేసు బయటికి లాగింది. ఇన్నాళ్ళూ వెళ్ళలేదేమని చెల్లెలు అడిగితే, "మర్నాటికి బఠానీలు నానబోశాను," అంది. హాలంతా నవ్వింది. మావారు నా వైపు తిరిగి చూశారు. చివర్లో ఆవిడ పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది.

కారులో కూర్చున్నాక మావారు స్టార్ట్ చేయలేదు.

"ఆ పెట్టె మన గ్యారేజీలో ఉందా?"

"ఉంది."

"నాకు చెప్పలేదు. ఆ ముసలాయనకి చెప్పావు."

"అప్పుడు మీరు వినే స్థితిలో లేరు కదండీ."

"ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని విన్నాను. పద."

మర్నాడు మావారే పెట్టె విప్పి చీరలన్నీ క్లోజెట్‌లో పెట్టారు. ఆ తర్వాత చాలా నెలలు, నేను పాలకి బయల్దేరినా కిటికీ దగ్గర నిలబడి చూసేవారు. ఇల్లు వదిలి వెళ్ళని నేను, వెళ్ళి తిరిగొచ్చినదానిలా మసలుకోవాల్సి వచ్చింది.

డైరెక్టరు గారిని వెళ్ళి అడిగాను.

"ఊరు మార్చాను, పేరు మార్చాను. పప్పు కూడా మార్చాను," అన్నారు.

"మిగతా మాట మార్చలేదుగా."

"అంత మంచి మాట ఎలా మారుస్తాను?"

క్షమించమని అడగలేదు. ఆ జవాబుకి లోపల ఎక్కడో కాస్త పొంగిపోయాను. అందుకు నా మీద నాకే ఇప్పటికీ కోపం.

ఆ తర్వాత కుట్టడం మానేశాను గానీ పలకరింపు మానలేదు. మంచం పట్టాక చారు పట్టుకెళ్ళేదాన్ని. నా మాట గుర్తుంచుకోదగ్గదని అనుకున్న మనిషి అంతకుముందు నాకు లేరు. ఆ కృతజ్ఞత ఉంది. దానివల్ల ఆయన చేసింది ద్రోహం కాకుండా పోదు.

పోవడానికి నెల ముందు చారు తాగుతూ, నేను అడగకుండానే ఒక సంగతి చెప్పారు. తన మొదటి నాటకంలో తల్లిని పెట్టారట, ఆమె మాటలతో సహా. ఆమె సగంలో లేచి బయటికి నడిచింది. నాటకం అయ్యాక, ఆమె థియేటరు వెనక గుమ్మం దగ్గరికి వస్తుందని ఆయన వానలో గొడుగు విప్పుకుని నిలబడ్డారట. నటులందరూ వెళ్ళిపోయారు. లోపల దీపాలు ఆర్పేశారు. అయినా అక్కడే ఉన్నారట. ఆమె మళ్ళీ ఏ నాటకానికీ రాలేదు.

"ఇది మీ దగ్గరే ఉంచండి," అన్నారు.

ఉంచలేదు. మీ అందరికీ చెప్పేశాను. ఆయన నాకు పడ్డ బాకీ చెల్లింది.