తాడు లోపల తొమ్మిది పైపులు

మా చర్చి సంఘంలో ఆ ఊరికి వెళ్ళడాన్ని ఫారిన్ పోస్టింగ్ అనేవాళ్ళు. భద్రాచలం దాటి, చర్ల దాటి, రాష్ట్ర సరిహద్దు రాయి కూడా దాటాక బస్సు లేని మట్టిబాటలో ఆరు కిలోమీటర్లు పోవాలి. అక్కడ ఇళ్ళల్లో మాట్లాడే భాష వేరు, తెలుగు బయటివాళ్ళతో మాత్రమే. నేను బయల్దేరిన రోజు బోనకల్ స్టేషన్‌లో మా మేనమామ నలుగురి ముందు అడిగాడు: "ఏందల్లుడూ, ఫారిన్ పోతున్నవంట. పాస్‌పోర్ట్ తీసుకున్నవా, గోదారిల ఈదుకుంట పోతవా?"

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను. సంఘం నన్ను రెండేళ్ళ మిషనరీ సేవకు పంపింది. అప్పగించిన పనులు రెండు. ఒకటి, బైబిలు వాక్యం చెప్పడం. రెండు, గుట్ట మీది ఊట నీళ్ళను పైపుల్లో ఊళ్ళోకి దించడం. మొదటి పనిలో నా ఫలితం సున్నా. రోజూ పొద్దున పాట పాడితే మర్యాదగా కూర్చుని వినేవాళ్ళు, అయిపోగానే లేచి వాళ్ళ దేవతకు దండం పెట్టుకుని చేలకు పోయేవాళ్ళు. రెండో పని మాత్రం నాకు చేతనైంది.

ఆ పని ఎందుకు అవసరమో చెప్పాలి. ఎండాకాలం ఊరి ఆడవాళ్ళు వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు ముంచుకునేవాళ్ళు. వానలు పడి వాగు పొంగితే చెలమ మునిగిపోతుంది. ఆ తర్వాత తాగేది ఎర్రటి బురద నీళ్ళే. ఏటా ఆ నెలల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు. నేను అక్కా అని పిలిచే ఒకామె నాకు రోజూ జొన్న అంబలి పోసేది. ముందటి ఏడు ఆమె మూడేళ్ళ కొడుకు అట్లాగే పోయాడు. రెండో బిడ్డ చంకలో ఉంది. "ఈసారి వాగు వచ్చేలోపు నీళ్ళు దించుతవా తమ్మీ?" అని అడిగింది. దించుతానని మాటిచ్చాను.

రెండువేల తొమ్మిదిలో వానలు ఆలస్యమవడం మా అదృష్టం. అరవై నాలుగు పీవీసీ పైపులు, ఒక్కొక్కటి ఇరవై అడుగులు. గుట్ట మీదికి మనుషులే భుజాన మోసుకొచ్చారు. మధ్యలో వాన నీళ్ళు కోసిన ఒక లోతైన ఒర్రె ఉంది. దాని మీదుగా పైపు దాటించడానికే నెల పట్టింది. ఆగస్టుకు యాభై ఐదు పైపులు అతికించాం. తొమ్మిది మిగిలాయి. రెండు రోజుల పని.

అప్పుడే స్వైన్ ఫ్లూ వచ్చింది. అంటే, రేడియోలో వచ్చింది. ఖమ్మం వైపు కూలికి పోయి తిరిగొచ్చిన ఇద్దరికి దగ్గు, జ్వరం. అది ఆ జ్వరమా కాదా పరీక్షించిన వాడు లేడు. ఊరి పెద్ద ఎవరి కోసమూ ఆగలేదు. ఆ ఇద్దరినీ చేను గుడిసెలో ఉంచాడు. దేవతకు చెప్పుకుని, ఊళ్ళోకి వచ్చే రెండు దారులకూ అడ్డంగా వేపాకుల తాడు కట్టించాడు. తొమ్మిది రోజులు లోపలివాళ్ళు బయటికి పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. ఉప్పు అమ్మేవాడు తాడు అవతలి రాయి మీద ఉప్పు పెట్టి, అక్కడుంచిన చింతపండు తీసుకుపోతాడు.

"నువ్వు లోపలున్నవ్ గనక లోపలి మనిషివే. దాటితే బయటి మనిషివి. యాది పెట్టుకో," అన్నాడు పెద్ద నాతో.

నేను యాది పెట్టుకోలేదు. ఆ నెల నివేదికలో 'గ్రామంలోని మూఢనమ్మకాలు' అనే శీర్షిక కింద ఏడు అంశాలు రాసి సంచిలో పెట్టుకున్నాను. నాలుగోది ఈ తాడే. మంచి చేతిరాతతో రాశాను.

తాడు కట్టిన మూడో రోజు మా కేంద్రం జీపు వచ్చి, అవతల ఆగి హారన్ కొట్టింది. డ్రైవర్ ఒక ఉత్తరం ఊపుతుంటే తాడు మీదుగా చెయ్యి చాచి అందుకున్నాను. క్షేత్రంలో ఉన్న సేవకులందరూ తక్షణం కేంద్రానికి రావాలి, మీ క్షేమమే మాకు ముఖ్యం అని ఉంది అందులో. నాకు రెండు రోజులు చాలన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం బ్రదర్? సారుకు ఫోన్ చెయ్. గుట్ట మలుపు కాడ సిగ్నల్ వస్తది."

సంచి భుజాన ఉండగానే తాడు కిందినుంచి వంగి అవతలికి పోయాను. అర నిమిషం కూడా ఆలోచించలేదు.

ఫోన్‌లో కోఆర్డినేటర్ గారు చాలా ప్రేమగా మాట్లాడారు. "మీకేమైనా అయితే దాతలకు ఏం సమాధానం చెప్పాలి బ్రదర్?" అన్నారు. ఈ ఊళ్ళో పిల్లలకు ఏమైనా అయితే ఎవరికి సమాధానం చెప్పాలని అడిగాను. "ప్రార్థన చేద్దాం," అన్నారు. ఫోన్ పెట్టేసి, ఉత్తరం చింపి, పని చేసుకుందామని వెనక్కి వచ్చాను. తాడు దగ్గర పెద్ద నిలబడి ఉన్నాడు.

"ఆగు పిల్లగా. దాటినవ్."

"ఇక్కడికే పోయిన పెద్దయ్యా, ఫోన్ మాట్లాడనీకి. ఎవరినీ ముట్టుకోలేదు."

"ఆ డ్రైవరు కాగితం ఇయ్యలే? నువ్వు పట్టుకోలే?"

"కాగితానికి జ్వరం వస్తదా?"

"నాకేమెర్క? చదువుకున్నోనివి నువ్వు చెప్పు."

నేను అరిచాను. మీ కోసమే కదా ఇంత కష్టం అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది. అక్క బిడ్డను చంకనేసుకుని పెద్ద వెనక నిలబడింది. "తమ్మీ, లొల్లి ఎందుకు, ఆరు రోజులాగి రా," అంది. నేను కోపంగా జీపెక్కాను.

దుమ్ముగూడెం దగ్గర పెద్ద వాన మొదలైంది. సంచి తడవకుండా ఒళ్ళోకి తీసుకుంటే గట్టిగా తగిలింది. గమ్ము డబ్బా. పైపులు అతికించే గమ్ము. విలువైన వస్తువులు ఎప్పుడూ మన దగ్గరే ఉంచుకోవాలన్నది నేను పెట్టుకున్న నియమాల్లో మొదటిది. తాడు అవతలి రాయి మీద పెట్టి వస్తే వాళ్ళే అతికించుకునేవాళ్ళు, యాభై ఐదు సార్లు చూశారు. జీపు ఆపమన్నాను. వాగులు పొంగుతున్నాయని డ్రైవర్ ఆపలేదు.

భద్రాచలంలో మా కేంద్రం గేటుకు ఒక సర్క్యులర్ అంటించి ఉంది. లోపలివారు బయటకు వెళ్ళరాదు. బయటివారు లోపలికి రారాదు. పాల ప్యాకెట్లు గేటు పక్కన అరుగు మీద ఉంచవలెను. దగ్గు, జ్వరం ఉన్నవారు వేరే గదిలో ఉండవలెను. కింద సంతకం, ముద్ర. నేను రెండుసార్లు చదివాను. ఆకులు తప్ప అంతా అదే. అందరం ఊళ్ళనుంచి ఒకే రోజు వచ్చాం, పదకొండు మందిని ఒకే హాల్లో పడుకోబెట్టారు. అది మాత్రం ఆ పెద్ద చేసేవాడు కాదు.

కోఆర్డినేటర్ గారి గది బయట నిలబడి అడిగాను: "సార్, నేను తెచ్చిచ్చిన నివేదికలో నాలుగో అంశం కొట్టెయ్యాలి. మనమూ అదే చేస్తున్నాం కదా."

"అది మూఢనమ్మకం బ్రదర్. ఇది జాగ్రత్త."

"తేడా ఏంటి సార్?"

"తేడా మీకు తెలియాలి. టెక్నికల్ వాళ్ళు మీరు."

ఎనిమిది రోజులు ఆ హాల్లో కూర్చుని వాన చూశాను. గోదావరి ఎర్రగా మారింది. అంటే వాగూ మారింది. తొమ్మిది పైపులు, నూట ఎనభై అడుగులు, గమ్ము నా తల కింద. నాకు జ్వరం రాలేదు. హాల్లో నలుగురికి వచ్చింది, తగ్గింది. తొమ్మిదో రోజు ఎవరికీ చెప్పకుండా బయల్దేరాను. రెండు వాగులు మెడలోతు నీళ్ళలో దాటాను.

తాడు విప్పేశారు. దారి పక్కన ఎండిన వేపాకుల కుప్ప ఉంది. నేను నేరుగా అక్క ఇంటికి పోయాను. బిడ్డ వాకిట్లో బురదలో ఆడుతోంది. అక్క నవ్వి ఊరి నడుమకు చెయ్యి చూపించింది.

చీల్చిన వెదురు బొంగులు, ఒకదాని నోట్లో ఒకటి, పంగల కర్రల మీద వాలుగా నిలబెట్టారు. నా యాభై ఐదో పైపు చివరినుంచి ఊరి నడుమ దాకా. చివర నీళ్ళు పడుతున్నాయి. తేటగా ఉన్నాయి.

"మీకు వెదురు పని వచ్చని నాకెందుకు చెప్పలేదు పెద్దయ్యా?"

"నువ్వు అడిగినవా? ఒర్రె దాటుడే మా తోటి కాలే. అది నువ్వు చేసినవ్. మిగిలింది ఏమున్నది, వాలే గదా." తర్వాత నా సంచి వైపు చూశాడు. "డబ్బా భద్రంగున్నదా?"

చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది.

పది రోజులకు జీపు మళ్ళీ వచ్చింది. నన్ను మందలించే ఉత్తరం ఒకటి, ఇనుప బోర్డు ఒకటి తెచ్చింది. బోర్డు మీద సంస్థ పేరు, దాతల పేర్లు, 'నిర్మించి ఇచ్చినది' అనే మాట. వెదురు తీసి పైపులు బిగించి, నీళ్ళు పడే చోట బోర్డు నాటి ఫొటో పంపమని ఆజ్ఞ. వెదురు తీసేద్దామా అని అక్కను అడిగాను. "పగిలితే మేమే మార్చుకుంటం. నీ పైపు పగిలితే నిన్నెక్కడ వెతకాలె?" అంది. పైపులు చూరు కింద పెట్టేశాం.

బోర్డు సంగతి పెద్దను అడిగాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చదవడం రాదు, నన్నే చదవమన్నాడు. చదివాను.

"ఉప్పు పెట్టే రాయి అవతల పాతు," అన్నాడు. "మళ్ళ తాడు కట్టినప్పుడు అది బయటనే ఉంటది."

గుంత నేనే తవ్వాను. రెండడుగులు. ఫొటో తీసి, ఎక్కడ నాటామో కింద రాసి పంపాను.