లాజరస్ మద్రాసు చూసిన రోజు

యాభై నాలుగేళ్లు వచ్చినా కోట, గూడూరు, మహా అయితే నెల్లూరు, అంతే లాజరస్ చూసిన లోకం. రొయ్యల గుంటల కాపలా మనిషికి ఊళ్లు తిరిగే యోగం ఎక్కడిది? అందులోనూ వాన పడితే అసలు కదలకూడదు. మబ్బు పట్టిందంటే నీళ్లలో గాలి తగ్గి రొయ్యలు పైకి తేలతాయి. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ల చక్రాలు ఆగకుండా చూసుకుంటూ గట్టుమీదే పడుండాలి. అలాంటివాడు నవంబరు ముసురులో మద్రాసుకు షికారు బయలుదేరాడంటే మాటలా! గుంటలు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది.

రమ్మని పిలిచింది తమ్ముడి కూతురు అనూష. అక్కడే ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తోంది. వచ్చే నెల ఆ పిల్ల పెళ్లి. చర్చి గుమ్మం నుంచి పెళ్లికొడుకు దాకా చేయిపట్టి నడిపించాల్సిన తండ్రి హెన్రీ, మూడేళ్ల కిందట గుంటలో కరెంటు కొట్టి పోయాడు. ఆ స్థానంలో పెద్దనాన్న ఉన్నాడుగా అన్నారందరూ. లాజరస్ ఊఁ అన్నాడు గానీ ఆనాటి నుంచీ ముద్ద దిగడం లేదు. హెన్రీ చావుకు కారణం తనే. ఆ సంగతి తనకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియదని అతని నమ్మకం. చెప్పకుండా ఆ పిల్ల చేయి పట్టుకోలేడు. చెబితే ఆ పిల్ల జన్మలో మొహం చూడదు. ఏదైతే అదైంది, ఈరోజు చెప్పేయాలనే రైలెక్కాడు.

తీరా దిగాక, ఏం చెప్పమంటారు, ఊరు చూసి మనిషి ఒళ్లు మరిచిపోయాడు. మ్యూజియంలో తిమింగలం ఎముకల ముందు నిలబడి, "ఓరి నాయనో! దీనికి పూటకెన్ని బస్తాల మేత పెట్టాలో పాపా!" అన్నాడు. అనూష పొట్ట పట్టుకుని నవ్వింది. లోకల్ రైలు తలుపు దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా జల్లు మొహాన కొట్టించుకున్నాడు. అంతలోనే, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడికి ఇంత సంతోషం ఎందుకని సిగ్గేసింది.

సంతోషపడనిస్తే కదా! రోడ్డెక్కితే చాలు, హెన్రీ. బస్టాపులో, మోటారుసైకిలు మీద, టీకొట్టు ముందు, నీలం రెయిన్‌కోటు తొడుక్కున్న ప్రతివాడూ వెనకనుంచి హెన్రీయే. ఇటు తిరిగితే ఎవరిదో మొహం. తిరగనివాళ్లను చూస్తేనే అతనికి భయం.

మధ్యాహ్నం మెరీనా బీచిలో బజ్జీల బండి పక్కన అలాంటివాడే ఒకడు సముద్రం వైపు తిరిగి కదలకుండా నిలబడి ఉన్నాడు. లాజరస్ ఉండలేక దగ్గరికి వెళ్లాడు. అక్కడ మనిషే లేడు. గుంజకు తగిలించిన కోటు.

"ఏంది పెద్దనాయనా, అట్టా నిలబడిపోయినావు?" పరిగెత్తుకొచ్చింది అనూష.

"మీ నాయన గూడా అట్టనే తగిలించినాడు పాపా."

గుంటల మీద ఒక కట్టుబాటుంది. చక్రానికి ఏదైనా చుట్టుకుంటే షెడ్డులో కరెంటు ఫీజు పీకుతారు. నీళ్లలోకి దిగేవాడే ఆ ఫీజును జేబులో వేసుకుని దిగుతాడు. వాడు పైకొచ్చి తన చేత్తో పెడితేనే మళ్లీ కరెంటు.

"ఆ పొద్దు వాన. గుంట కాడ మేమిద్దరమే. ఫీజు తడుస్తాదిరా, నాకాడ ఇయ్యి అని నేనే తీసుకున్నా. వాడు నీలం కోటు ఇప్పి గట్టుమీద కర్రకి తగిలించి దిగినాడు. రొయ్యలు తేలతాయేమోనని నా తొందర నాది. షెడ్డులోంచి చూస్తే వాన్లో మనిషి నిలబడినట్టే ఉండాది. పైకొచ్చేసినాడనుకున్నా. ఫీజు పెట్టేసినా పాపా. ఈ చేత్తోనే!"

అనూష చేతిలో బజ్జీల పొట్లం తడిసి ముద్దయింది.

"జేబులో ఫీజు లేదని అమ్మకి ఆ పొద్దే తెలుసు," అంది. "నాయన ఒంటిమీద చొక్కా తీసింది అమ్మే గదా."

లాజరస్ చివ్వున తలెత్తాడు. "మరి... నన్నొక్క మాటన్నా అడగలేదే!"

"నువ్వే చెప్తావని చూసింది. ఆదివారం ఆదివారం మా ఇంట్లో అన్నం తింటావే, ఈ పూటన్నా చెప్తాడని చూసేది. మూడేళ్లు పెద్దనాయనా! చెప్తే ఆయన చెయ్యి పట్టుకో, చెప్పకపోతే ఒక్కదానివే నడిచిపో అనింది నాతో." అనూష గొంతులో ఏడుపుంది, కోపమూ ఉంది. ఫోను తీసి నంబరు నొక్కి అతని చెవి దగ్గర పెట్టింది.

"బావా, ఆడ గూడా వానేనా?" అవతల హెన్రీ భార్య మెర్లిన్.

"వానేనమ్మా," అన్నాడు లాజరస్.

"పాపకి చెప్పినావా?"

"చెప్పినానమ్మా."

 

"నాకు గూడా చెప్పు బావా," అంది మెర్లిన్. "మొదట్నించీ చెప్పు. ఏదీ దాచబాక."

ఆ వానలోనే లాజరస్ మొదలుపెట్టాడు.