నాకు పెట్టిన రొట్టె

కువైట్‌లో ఒక అద్దె విల్లా, శుక్రవారం ఉదయం. హాల్లో ఐదు వరుసల కుర్చీలు, రెండు ఏసీలు, రొట్టె ముక్కల పళ్ళెం, చిన్న గ్లాసుల్లో మంచినీళ్ళు. ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఆఫ్రికా వాళ్ళు, సభ నడిపే ఒక అమెరికన్ పెద్దాయన, రాజమండ్రి సుధీరన్న, పక్కన నేను. అది మార్మన్లనే ఒక క్రైస్తవ శాఖవాళ్ళ ప్రార్థన. సుధీరన్నా నేనూ షువైఖ్‌లో లిఫ్టులు బాగుచేస్తాం. నాది కడప, హిందువుని. సెలవే కదా రమ్మంటే వెళ్ళాను.

ఎవరి విశ్వాసం వాళ్ళు పాటించే స్వేచ్ఛ ప్రతి దేశంలోనూ ఉండాలని పెద్దాయన ప్రార్థించాడు. నాకు నచ్చింది. తర్వాత యేసు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె పళ్ళెం వచ్చింది. కొత్తవాళ్ళూ తినొచ్చన్నారు, తిన్నాను. సుధీరన్న మాత్రం ముక్క తీసుకోకుండా పళ్ళెం పక్కవాళ్ళకు అందించాడు.

“నువ్వు తినవాన్నా?” అన్నాను మెల్లగా.

“నాకు వద్దన్నారు తమ్ముడూ. ఊళ్ళో నేను కలిసి బతికేది మగోడితోనని పెద్దాయనకి చెప్పేశాను.”

“ఎందుకు చెప్తివి?”

“అడిగారు మరి. అబద్ధమాడుంటే పెట్టేవోరే.”

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పినందుకు ఆయనకు లేదు. అక్కడి ప్రార్థనలో ఒక్క మాటా రాని నాకు ఉంది. స్వేచ్ఛ కావాలని అడిగిన నోరే ఆయనను వద్దంది.

సుధీరన్న ఆ విశ్వాసంలోకి వచ్చి పంతొమ్మిదేళ్ళు. నేను ఆ హాల్లోకి వచ్చి ఇరవై నిమిషాలు.