వెంకటనారాయణ సారు కుడికాలు

గచ్చిబౌలి నుంచి ఖాజాగూడ గుట్టల దాకా కొత్తగా స్టీరింగు పట్టినవాళ్లలో సగం మంది వెంకటనారాయణ శిష్యులే. సైబర్ టవర్స్ తెరిచి అప్పటికి ఏడాది కావస్తోంది. అక్కడ ఉద్యోగాల్లో చేరిన కుర్రాళ్లు మొదటి జీతంతో ఇస్త్రీ చొక్కాలు కొనుక్కుని, రెండో జీతంతో ఖాజాగూడలో ఆయన ఇంటి ముందరి షటర్ దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ షటరే డ్రైవింగ్ స్కూలు. ఉన్నది ఒక్క మారుతి. దానికి ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు ఉండేది. అలాంటి పెడలు మీదే ఇరవై ఏళ్లుగా వెంకటనారాయణ కుడికాలు ఉండేది.

ఆయన చెప్పులు జతగా అరిగిన దాఖలా లేదు. ఎప్పుడూ కుడి చెప్పే ముందు పోయేది. ఎదురుగా కుక్క కనిపిస్తే కాలు నొక్కేవాడు. కుక్క కనిపించకపోతే ఎక్కడో ఉండే ఉంటుందని నొక్కేవాడు. థర్డ్ గేరు సంగతి ఆఖరి వారంలో గానీ ఎత్తేవాడు కాదు. అందుకే శిష్యులందరూ ఆయన వెనకాల ఆయన్ని 'సెకండ్ గేర్ సార్' అని పిలుచుకునేవాళ్లు. ఆ సంగతి తనకు తెలియదని వాళ్లు అనుకునేవాళ్లు. ఆయనకు బాగా తెలుసు, బాగా నొప్పి కూడా.

ఆ నొప్పి మీద కారం చల్లినవాడు నితీష్. రాజమండ్రి నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన కుర్రాడు, సారు పాత శిష్యుడు. ఒకనాడు స్వీటు పొట్లం పట్టుకుని వచ్చాడు.

"సార్, మేమంతా కలిసి మోటారు క్లబ్బు పెట్టుకున్నామండి. కోకాపేట దగ్గర ఎర్రమట్టి మైదానంలో పాత స్పోర్ట్స్ కార్ల రేసు. మీరొచ్చి జెండా ఊపాలండి."

"జెండానా? బండి నడపొద్దా నేను?"

"రేసంటే స్పీడు కదండీ. మీకెందుకు సార్ శ్రమ?"

మంచి మనసుతోనే అన్నాడు పాపం. అందుకే మరీ గుచ్చుకుంది. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని వెంకటనారాయణ ప్రకటించాడు. "నేను రేసుల దిగుతున్న."

భార్య సక్కుబాయి పప్పు వడ్డిస్తూ, "దిగు. ముందుగాల థర్డ్ గేర్ల దిగు," అంది.

కూతురు కృష్ణప్రియ మాత్రం నవ్వలేదు. "బండి ఏది నాయినా?" అని అడిగింది. ఆ పిల్ల సైబర్ టవర్స్‌లోనే ఒక ఆఫీసులో పనిచేసేది. లైసెన్సు వచ్చి రెండేళ్లయినా, ఆఫీసుకు షేర్ ఆటోలో ఇరుక్కునే వెళ్లేది. ఒక్కదాన్నే బండి తీస్తానంటే తండ్రి "ఇంగో వారం ప్రాక్టీసు కానీ బిడ్డా" అనేవాడు. ఆ వారం ఎప్పటికీ అయ్యేది కాదు.

బండి వేట మొదలైంది. స్పోర్ట్స్ కారు కొనేవాడు ఇంజను అడుగుతాడు, ఎంత వేగం పోతుందని అడుగుతాడు. వెంకటనారాయణ మాత్రం ఎక్కడికి వెళ్లినా ముందు హారన్ కొట్టి చూసేవాడు, తర్వాత బ్రేకు. బంజారాహిల్స్‌లో ఒక పెద్దమనిషి దగ్గర ఇంగ్లండు నుంచి దిగిన ఎర్ర బండి ఉంది. దానికి హారన్ పీలగా ఉందని వద్దన్నాడు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ ఆ మాట తల్చుకుని బాధపడతాడట. లింగంపల్లిలో చూసిన ఫియట్ వెనక సీట్లో కోడి గుడ్లు పొదుగుతోంది. దాన్ని లేపడానికి మనసొప్పలేదు. చివరికి నానక్‌రాంగూడలో ఒక కోళ్ల ఫారం షెడ్డులో దొరికింది, రెండు తలుపుల పాత హెరాల్డ్ కారు. పైన గుడ్డ టాపు. ముందు బానెట్టు మడ్‌గార్డులతో సహా మొసలి నోరు తెరిచినట్టు మొత్తం పైకి లేచేది. ఇరుకు సందులో కూడా ఒక్క తిప్పుతో వెనక్కి తిరిగేది. హారన్ కూడా బ్రహ్మాండం. సారు అక్కడికక్కడే మనసిచ్చేశాడు.

ఇక తయారీ. రేసు బండి తేలిగ్గా ఉండాలి కాబట్టి తండ్రీకూతుళ్లు కూర్చుని అక్కరలేనివన్నీ పీకేశారు. వెనక సీటును సక్కుబాయి అరుగు మీద వేయించుకుంది. అమ్మలక్కలు అందులో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకున్నారు. కార్బురేటర్ కడిగారు, గొట్టాలు మార్చారు, బెల్టులు బిగించారు. బండి పల్టీ కొడితే తలలు కాపాడటానికి ఇనుప చట్రం ఉండాలన్నారు క్లబ్బువాళ్లు. కిటికీ గ్రిల్లులు చేసే యాదయ్య దాన్ని గట్టిగా, చక్కగా వెల్డింగ్ చేసి, మధ్యలో ఒక తామరపువ్వు కూడా పెట్టాడు. "ఉత్త పైపు పెడితె బోసిగుంటది సారూ," అన్నాడు. బరువు తగ్గించాలని కష్టపడుతున్న వెంకటనారాయణకు ఆ పువ్వును కోయించడానికి నోరు రాలేదు.

అంతా అయ్యాక ఆయన మరో పని చేశాడు. ఎవరూ అడగలేదు, ఏ నిబంధనలోనూ లేదు. ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు పెట్టించాడు.

కృష్ణప్రియ దాన్ని కాలితో నొక్కి చూసింది. "ఇదెందుకు నాయినా?"

"బండన్నంక రెండు బ్రేకులుండాలె బిడ్డా. లేకుంటె నాకు బండి లెక్కనే అనిపియ్యది."

"గందుకే, ఇన్నేండ్లల్ల బండి నేను నడిపిన్నో నువ్వు నడిపినవో నాకింకా తెల్వదు," అని ఆ పిల్ల స్పానర్లు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. వెంకటనారాయణ ఆ మాట విననట్టే హారన్ తుడిచాడు. కానీ తుడవడానికి అక్కడ దుమ్మేమీ లేదు.

రేసు ఆదివారం. కోకాపేట గుండ్ల నడుమ ఎర్రమట్టి మీద సున్నంతో బాట గీశారు. బండికి ఇద్దరు మనుషులు ఉండాలి, ఇద్దరిలో ఎవరైనా నడపొచ్చు. ఒకసారికి ఒకే బండి. ముందు ఒక ప్రాక్టీసు చుట్టు, తర్వాత గడియారం పెట్టి రెండు చుట్లు. బండ్లు తనిఖీ చేసిన కుర్రాడు తామరపువ్వునీ రెండో బ్రేకునీ చూసి తన స్నేహితులందర్నీ పిలిచి చూపించాడు.

ప్రాక్టీసు చుట్టుకు వెంకటనారాయణ స్టీరింగు పట్టాడు. కూతురు పక్కన కూర్చుంది. బయల్దేరేముందు అద్దం సర్దాడు. మొదటి మలుపు దగ్గర, ముందూ వెనకా పిట్ట లేకపోయినా, చెయ్యి బయటపెట్టి సైగ చేశాడు. రెండో మలుపు దగ్గర హారన్ కొట్టాడు. జనం విరగబడి నవ్వారు. ఎవడో "సెకండ్ గేర్ సార్!" అని అరిచాడు. అది చెవిన పడగానే ఆయనకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. థర్డ్ వేశాడు, తొక్కాడు. పెద్ద గుండు దగ్గరి మలుపులోకి బండి రివ్వున వెళ్లింది. సగం తిరిగాక గుండు కళ్ల ముందు కనబడింది. ఇరవై ఏళ్ల కాలు తన పని తాను చేసేసింది. బండి వెనక భాగం ఎగిరి, గిర్రున తిరిగి, వచ్చిన దారి వైపు మూతి పెట్టి ఆగింది.

దెబ్బలేమీ తగల్లేదు. నితీష్ పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఈ బండికి మలుపు మధ్యలో బ్రేకు వేయకూడదండి. వెనక చక్రం లోపలికి ముడుచుకుపోతుంది. వేయాల్సిందేదో మలుపుకి ముందే వేసేసి, ఆ తర్వాత వదిలేయాలండి."

వదిలేయడం. ఆయనకు రానిదల్లా అదొక్కటే. తాను నేర్పినవాళ్లందరి ముందూ తనకే రాదని తేలిపోయింది.

అరుగు మీది సీటును ఆటోలో వేయించుకొచ్చి మరీ దాని మీద కూర్చున్న సక్కుబాయి అక్కడి నుంచే కేకేసింది. "ఏమయ్యా, నీ కాలు నీ మాట ఇనది. పోరికియ్యి."

తాళం కూతురి చేతిలో పెట్టాడు. అది కాస్త తేలికే. పక్క సీట్లో కూర్చోవడమే కష్టమైంది, ఎందుకంటే అది ఆయన సీటే.

గడియారం పెట్టిన మొదటి చుట్టులో కృష్ణప్రియ చక్కగా వెళ్లింది. మలుపుకు ముందే వేగం తగ్గించి, గేరు దింపి, గుండు పక్కకి తిప్పింది. గుండు కనబడింది. బండి ఊగిపోయి, బాట తప్పి, సున్నం గీత మీద ఆగిపోయింది. కృష్ణప్రియ కాలు బ్రేకు మీద లేదు.

కేకలేస్తుందనుకున్నాడు. ఆ పిల్ల స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, "ఇగో నాయినా, గిట్లనే ఎప్పుడూ," అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు. అలసట ఉంది. బండిని నెమ్మదిగా బయల్దేరిన చోటికి తీసుకొచ్చింది.

మిగిలింది ఒక్క చుట్టు. జెండా లేచింది. వెంకటనారాయణ చెప్పులు విప్పి సీటు కింద పెట్టాడు. తర్వాత, అన్నానికి కూర్చున్నట్టు, రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని బాసింపట్టు వేసుకున్నాడు. బెల్టు బిగించాడు. చేతులతో మోకాళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నవ్ నాయినా?"

"ఏం చేస్తలేను. పోనీ."

బండి దూకింది. గుండు వచ్చింది. వెంకటనారాయణ కళ్లు మూసుకోలేదు, అది ఆయన ఘనత. మోకాళ్ల మీద వేళ్లు తెల్లబడ్డాయి. గుండు పక్కనుంచి వెళ్లిపోయింది. ఎర్రటి దుమ్ము లేచి, తామరపువ్వు మీద పడింది. కృష్ణప్రియ అరుస్తోంది. అది భయం కాదు, సంతోషం. ఆ అరుపు ఆయన ఆ పిల్ల చిన్నప్పుడు విన్నదే, మళ్లీ ఎప్పుడూ వినలేదు.

కప్పు రాలేదు. మధ్యలో ఎక్కడో ఒక స్థానం వచ్చింది. నితీష్ వచ్చి, "సార్, మీ శిష్యురాలు అదరగొట్టిందండి," అంటే, "నేనేం నేర్పలే," అన్నాడు వెంకటనారాయణ. అబద్ధమాడినట్టు ఎవరికీ అనిపించలేదు.

సోమవారం పొద్దున కృష్ణప్రియ స్కూలు మారుతి తీసింది. ఎడమ సీట్లో టిఫిన్ డబ్బా ఒక్కటే ఉంది. వెంకటనారాయణ గేటు దగ్గర నిలబడ్డాడు. ఇంకో వారం అనే మాట నోటి దాకా వచ్చినా మింగేశాడు. బండి సందు చివరి మలుపు దగ్గరికి చేరింది. అటువైపు నుంచి ఒక ఆటో వస్తోంది.

"చెప్పు తెగుతదయ్యా," అంది సక్కుబాయి అరుగు మీది కారు సీట్లో కూర్చుని.

ఆయన కిందికి చూసుకున్నాడు. కుడికాలు నేలను గట్టిగా నొక్కి పట్టి ఉంది. బండి మాత్రం ఆగకుండా మలుపు తిరిగి వెళ్లిపోయింది.