ఎడమ చెయ్యి లేవని కారు

2012 నవంబరులో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా కామారెడ్డి యూనిట్ కార్యాలయానికి బదిలీ చేశారు. నా పైన జిల్లా కేంద్రంలో రవాణా అధికారి, నా కింద ఒక అసిస్టెంటు ఇన్‌స్పెక్టరు. లైసెన్సు పరీక్షలు, రోడ్డు మీద తనిఖీలు, బండ్ల పరీక్ష మా పనులు. నాకు బండ్ల పరీక్షే ఇష్టం. మనిషి మాటలతో బుకాయించగలడు గాని, బ్రేకు బుకాయించలేదు.

కామారెడ్డి దాకా రాలేని వాళ్ళ కోసం ఎల్లారెడ్డిలో అప్పుడప్పుడు క్యాంపు పెట్టేవాళ్ళం. ఒక మైదానం, ఒక బల్ల, రెండు కుర్చీలు, అంతే ఏర్పాటు. డిసెంబరు క్యాంపుకు ఒక పాత నల్ల కారు వచ్చింది. వచ్చింది అనడం మర్యాద కోసం. నిజానికి ఒక ట్రాక్టరు తాడు కట్టి దాన్ని లాక్కొచ్చింది.

అది విలాయతి కారు, స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోది. యజమాని నర్సింలు. ఒకప్పుడు అక్కడి దొర దగ్గర డ్రైవరు. దొర కుటుంబం పట్నం వెళ్ళిపోతూ, ఎగ్గొట్టిన జీతాల కింద కారును ఇతని పేర రాసి పోయింది. అప్పటినుంచి చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట పెళ్ళయినా పెళ్ళికొడుకు బరాత్, అంటే ఊరేగింపు, ఆ కారులోనే. కూలీల ఇళ్ళ వాళ్ళు మరీ పట్టుబట్టి అడిగేవారట. కిరాయి తీసుకుంటున్నావా అని గద్దించాను. సొంత కారును కిరాయికి తిప్పితే పట్టుకోవడం నా విధి. "పెట్రోలు పోయిస్తరు, ఒక తువ్వాల కప్పుతరు సార్, గంతే" అన్నాడు. తువ్వాలకు పర్మిట్ అడిగే రూలు లేదు కనుక ఊరుకున్నాను.

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగుస్తుంది. ఆ తరువాత అయిదేళ్ళకోసారి బండిని మాకు చూపించి పొడిగించుకోవాలి. గడువు దాటిన బండి రోడ్డెక్కితే మేము ఆపేస్తాం. నర్సింలు కారు గడువు దగ్గర పడింది.

పరీక్ష మొదలుపెట్టాను. హారన్ లేదు, హెడ్‌లైటు లేదు, బ్రేకు దీపం లేదు. చేతులు కూడా లేవలేదు. ఆ కాలపు కార్లకు ఇప్పటిలాగా మిణుకుమనే ఇండికేటర్లు ఉండవు. ముందు తలుపుకూ వెనక తలుపుకూ నడుమ ఉన్న కమ్మీలో, రెండు పక్కలా జానెడు రేకు చెయ్యి ఒక్కొక్కటి దాగి ఉంటుంది. డ్రైవరు మీట తిప్పితే ఆ పక్క చెయ్యి బయటికి లేచి నిలుస్తుంది, లోపల చిన్న బల్బు వెలుగుతుంది. ఏ చెయ్యి లేస్తే బండి ఆ పక్కకు తిరుగుతుందని అర్థం.

బానెట్ ఎత్తగానే సంగతి అర్థమైంది. లోపల ట్రాక్టరు బ్యాటరీ కూర్చుని ఉంది.

"ఎవరు పెట్టిండ్రయ్యా దీన్ని?"

"మొన్నటి బరాత్‌కు కారు మీద సీరియల్ లైట్లు పెట్టినం సార్. దీని బ్యాటరీకి మసక మసక వెలిగినయి. పిల్లగాండ్లు ట్రాక్టర్‌ది ఇప్పి పెట్టిండ్రు. గంటసేపు మస్తు వెలిగినయి. ఎనుక పొగొచ్చింది."

పొగ రాక ఏమొస్తుంది? ఆ కారు ఆరు వోల్టులది, ట్రాక్టరు బ్యాటరీ పన్నెండు. అదొక తప్పు. రెండోది అంతకన్నా పెద్దది. ట్రాక్టరుకు బ్యాటరీ మైనస్ కొసను బాడీకి కలుపుతారు. ఈ పాత కారుకు ప్లస్ కొసను కలపాలి. ట్రాక్టరు తప్ప వేరే ఎరగని చేతులు ట్రాక్టరు పద్ధతిలోనే బిగించాయి. దానితో డైనమోకూ బ్యాటరీకీ మధ్య తలుపులా పనిచేసే కటౌట్ అనే డబ్బా మాడిపోయింది. చేతులను లేపే తీగచుట్టలు కాలిపోయాయి. బల్బులన్నీ పోయాయి. పెళ్ళికి వెలుగు ఎక్కువైతే కారుకు చీకటైంది.

పరీక్షలో తప్పిన బండికి కారణాలు రాసివ్వాలి. రాసిచ్చి, ఆటోలకు పెట్టే పసుపు ఇండికేటర్లు కొని బిగించుకో, రూలు ప్రకారం సరిపోతుంది అని నర్సింలుకు చెప్పాను. అతను తల ఊపాడు. అంతలో ట్రాక్టరు ట్రాలీలోంచి ఒక ముసలమ్మ దిగి వచ్చింది. పేరు లచ్చవ్వ, మహమ్మద్‌నగర్‌లో బీడీలు చేస్తుంది. మాఘంలో ఆమె మనుమడి పెళ్ళి. బరాత్‌కు ఈ కారునే మాట్లాడుకుంది.

"గా ఆటో లైట్లు నాకొద్దు సారూ. కారు నడువకున్నా పర్వాలే, నూకిచ్చుకుంట. గా ఎడమ చెయ్యి లేవాలె."

ఏంది నీ పంతం అని విసుక్కున్నాను. ఆమె బెదరలేదు.

"దొర కారు ఊళ్ళెకు వస్తే మేం సూసేది గా చెయ్యినే. ఎడమది లేసిందంటే మా వాడకు వస్తున్నడన్నట్టు. ఎక్కడోళ్ళు అక్కడ్నే చెప్పులు ఇడిసి, తలకాయ వంచుకొని పక్కకు నిలవడాలె. మా ఆయిన ఓపాలి సూడలే, బండి పక్కకు తియ్యలే. దొర గడి ముంగట పొద్దుందాక ఎండల నిలవెట్టిండ్రు. ఇప్పుడు గా చెయ్యే లేవాలె, మా వాడకే తిరగాలె, లోపల నా మనుమడు కూసోవాలె."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. అయినా కథ విని బండిని పాస్ చేసే అలవాటు నాకు లేదు. చెయ్యి లేస్తేనే పాస్ అన్నాను. నేనూ గదే అంటున్న అంది ఆమె.

తనిఖీ చేసేవాడు మరమ్మతు చేయకూడదు. నేను స్క్రూడ్రైవరు పట్టలేదు. ఎక్కడ ఏది దొరుకుతుందో చెప్పకూడదని మాత్రం ఏ రూలూ లేదు. ఉద్యోగానికి ముందు వర్క్‌షాపులో చేతులు నలుపు చేసుకున్నవాడిని. కంపెనీ సామాను కోసం పట్నాలు పట్టుకు తిరగవద్దని నర్సింలుకు చెప్పాను. బండికి కావలసింది కంపెనీ పేరు కాదు, ఆరు వోల్టులు.

ట్రాక్టరు బ్యాటరీలో ఆరు గదులుంటాయి, గదికి రెండు వోల్టులు. మూడు గదులతో ఒకటి కట్టించమని కామారెడ్డిలో బ్యాటరీలు కట్టే దుకాణానికి పంపాను. పాతకాలపు స్కూటర్లు, మోటారు సైకిళ్ళు ఆరు వోల్టులవే. స్టేషను రోడ్డులో ఒక పాత స్పేర్‌పార్టుల దుకాణం అటక మీద బల్బులు దొరికాయి. దుకాణదారు వాటిని పారేయలేదు, అలాగని అమ్ముడుపోతాయనీ అనుకోలేదు.

కటౌట్ నాకే కనబడింది. ఇసుక లారీల తనిఖీకి మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి వైపు వెళ్ళినప్పుడు ఒక రైతు దొడ్లో పాత ఆరు వోల్టుల జీపు పడి ఉంది. దానికి చక్రాలు లేవు, లోపల కోళ్ళు కాపురం చేస్తున్నాయి. బానెట్ కింద కటౌట్ డబ్బా చెక్కుచెదరలేదు. ఆ రైతు సగం మరాఠీ, సగం తెలుగు. "న్యా సాహెబ్, తీస్కపో" అన్నాడు. అధికారి చేయి చాస్తే రేపు ఇంకేదో అంటారు. నేను ముట్టలేదు. నర్సింలును పంపితే, కోళ్ళకు కొత్త గూడు కట్టిచ్చి డబ్బా తెచ్చుకున్నాడు. అది ప్లస్ బాడీ బండికీ మైనస్ బాడీ బండికీ పనికొస్తుంది. డైనమోకు మాత్రం బ్యాటరీ తీగను ఒక్క క్షణం తాకించి, ఏ కొస ప్లస్సో, ఏది మైనస్సో దానికి మళ్ళీ చెప్పాలి. అది మరిస్తే కొత్త కటౌట్ కూడా మాడుతుందని రెండుసార్లు హెచ్చరించాను.

మిగిలింది చేతుల తీగచుట్టలు. కామారెడ్డిలో బోరు మోటార్లు కాలని రోజు ఉండదు, కనుక వైండింగ్ షాపులకు కొదవ లేదు. ఖాదర్ అనే వైండర్ దగ్గరికి నర్సింలు పోతే, అతను మోటారుకు చుట్టే తీగనే చుట్టిచ్చాడు. చెయ్యి లేవడం లేచింది గాని, నిమిషంలో పొయ్యి మీద పెట్టిన పెనంలా వేడెక్కింది. ఆఫీసు అయ్యాక నేనే షాపుకు వెళ్ళాను. వెంట్రుక లాంటి తీగ కావాలి, మాడిన చుట్టను విప్పుతూ చుట్లు లెక్కపెట్టు, అన్నే చుట్టు అన్నాను. లావు తీగ కరెంటును ఎక్కువ తాగుతుంది, వేడి పుడుతుంది.

"సాబ్, నేను మోటార్ల మనిషిని. ఇది ముక్కుపుల్ల పని" అని గొణిగాడు. గొణిగినా చక్కగా చేశాడు.

జనవరి చివర మళ్ళీ ఎల్లారెడ్డి క్యాంపు. కారు ఈసారి సొంతంగా వచ్చింది. నేను సలహా చెప్పిన బండిని నేనే పాస్ చేస్తే బాగుండదు. అందుకని పరీక్ష అసిస్టెంటుకు అప్పగించాను. అతను కటువైన మనిషి, పై అధికారి మొహం చూసి మార్కులు వేసే రకం కాదు. పని లేక నేను వెళ్ళి కారు ముందు, రోడ్డున పోయేవాడు నిలబడే చోట నిలబడ్డాను. లచ్చవ్వ నా పక్కనే ఉంది.

హారన్ మోగింది, దీపాలు వెలిగాయి. కుడి చెయ్యి లేచింది. ఎడమది లేవలేదు. నర్సింలు కంగారుపడి కమ్మీ మీద పిడికిలితో గుద్దాడు. చెయ్యి సగం లేచి ఆగింది. గుద్దితే లేచేదాన్ని ఇండికేటరు అనరని చెప్పి అసిస్టెంటు కలం మూశాడు. అతను చెప్పింది నిజం. లచ్చవ్వ నా వైపు చూసింది. నేను అడ్డుపడితే ఆ బల్లకు విలువ ఉండదు.

తీగ బాగానే ఉంది, కీలు తుప్పు పట్టింది. నర్సింలుకు అది తట్టింది. పక్కనున్న దర్జీ దగ్గర మిషను నూనె తెచ్చి రెండు చుక్కలు వేశాడు. క్యాంపు ముగిసేలోపు ఇంకోసారి చూడమని అడిగాడు. రూలు ప్రకారం అడగవచ్చు. అసిస్టెంటు తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చుని మీట తిప్పాడు.

ఎడమ చెయ్యి నిటారుగా లేచింది, పసుపుగా వెలిగింది.

నా పక్కన ఏదో కదిలింది. చూస్తే లచ్చవ్వ చెప్పులు విడిచి, తల వంచి, పక్కకు జరిగి నిలబడి ఉంది. దొర పోయి ఎన్నేళ్ళయిందో ఆ కాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఒక క్షణానికి ఆమెకే తెలిసింది. "థూ" అని ఉమ్మి, చెప్పులు తొడుక్కుంది. నేను ముఖం తిప్పుకున్నాను.

కారు పాసయింది. బరాత్‌కు పిలిచారు గాని అధికారిగా నేను వెళ్ళలేదు. తరువాత నర్సింలు కనబడి చెప్పాడు. ఎడమ చెయ్యి లేపి వాడలోకి మళ్ళేసరికి లచ్చవ్వ చెప్పులతో దారి నడుమ నిలబడిందట. "హారన్ కొట్టినా జరగలే సార్. తనకు బుద్ధి పుట్టినంక జరిగింది. అందాక పెండ్లికొడుకు, బ్యాండు, అందరం ఆగినం."

అప్పటిదాకా నేనూ అందరిలాగే డ్రైవరు సీట్లో కూర్చుని, మీట తిప్పి, టిక్కు పెట్టి ఇండికేటరును పరీక్షించేవాడిని. అది లోపల కూర్చున్నవాడి కోసం కాదు. వాడికి తను ఎటు పోతున్నాడో తెలుసు. రోడ్డు మీద నిలబడ్డవాళ్ళకు తెలియాలి. రిటైరయ్యే వరకు ప్రతి బండి ఇండికేటరును నేను రోడ్డు మీద నిలబడే చూశాను. నా కింద పనిచేసిన వాళ్ళందరినీ అక్కడే నిలబెట్టాను.