నోరు కట్టిన గంటతో కత్తిగట్టు మీద

రెండు రూపాయల కూలిని ఒకటింబావుకు దింపి, మిగిలిన ముప్పావలా కోసం ప్రాణాన్ని తక్కెట్లో పెట్టిన వ్యాపారి మా మార్కాపురం బజారులో నేనొక్కడినే. ఈ ఘనత ఇంకొకరికి పోనివ్వను.

ఆంధ్రరాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, మాఘమాసం. కోనలోని శివుడికి ఇత్తడి గంట కడతానని మొక్కుకున్న మా నాయనకు మోకాళ్లు పట్టేశాయి. "నువ్వు పోయి రారా. నోటితో తప్ప కాళ్లతో ఏ పనీ చేసి ఎరగవు," అన్నాడు. పలకల దుకాణంలో పెరిగిన నాకు ఆ మాట ముల్లులా దిగింది.

ఉదయం ఆరున్నరకు మార్కాపురం రోడ్డులో రైలెక్కాను. గిద్దలూరుకు మూడో తరగతి టిక్కెట్టు పదిహేను అణాలు. అక్కడ బేరం కుదరదని తెలిసీ అడిగి చూశాను. కంభంలో ఎక్కిన ఒక ముసలామె నా ఒళ్లోని గంటను వేలితో కొట్టి చూసింది.

"ఎంత పెట్టినావు నాయనా?"

"పన్నెండు రూపాయలు."

"మోసపోయినావు పో," అని కిటికీ వైపు తిరిగింది. గిద్దలూరు దాకా నాకు కొండలు కనబడలేదు.

అక్కడ హోటల్లో ఇడ్లీ తిని, ఎనిమిదణాలకు బండి కట్టించుకుని కొండ కింది పల్లెకు చేరాను. వెదురు కొట్టే ఏసోబు దారి చూపిస్తాడన్నారు.

"కోన దోవన పోనూ రానూ రెండు రూపాయలు సెట్టిగారూ," అన్నాడు. నేను ఒకటింబావు దగ్గర పట్టుబట్టాను. అతను తల గోక్కుని, "సరే. కాకుంటే ఆ డబ్బులకు కొండ మీది కత్తిగట్టునే పోవాల. సగం పూటలో నా పని అయిపోద్ది," అన్నాడు. గెలిచాననుకుని బడి అరుగు మీద హాయిగా నిద్రపోయాను.

తెల్లవారుజామున బయలుదేరి ఎక్కాం. పైన దారి మూరెడు వెడల్పు. రెండు పక్కలా లోయ. ఎడమవైపు బండకు చాటలంత తేనెపట్లు వేలాడుతున్నాయి.

"ఎండ ఎక్కకముందే దాటాల," అన్నాడు ఏసోబు. "చెప్పులు ఇప్పండి. గంట నాలుకకు గుడ్డ చుట్టి వీపుకు కట్టుకోండి. ఈగలు లేస్తే ఉరికేదానికి చోటు లేదు. మీరు గూడా నోరు తెరవబాకండి."

"ఎందాక?"

"అవతల చింతచెట్టు దాకా."

గంటకు చుట్టినట్టే నా నోటికీ ఒక గుడ్డ చుట్టి ఉంటే సులువయ్యేది. మీరు పోదలచుకుంటే పద్ధతి ఇది: రాయిని అరికాలితో నొక్కి చూడండి, ఒక కాలు కుదిరాకే రెండోది ఎత్తండి, చూపు ముందు మనిషి మడమల మీద ఉంచండి.

నేనూ అట్లాగే మడమలు చూస్తూ నడిచాను. సగం దూరంలో ఏసోబు కాలెత్తాడు. అతను కాలు మోపబోయే నల్లరాయి అంచున వెంట్రుకంత తెల్లగీత. గనుల దగ్గర అలాంటి గీతనే చూపించి పలకల ధర తగ్గిస్తాను. అది చీలిన రాయి. అరిస్తే ఈగలు. ఒక చేత్తో బండ పట్టుకుని, రెండో చేత్తో అతని మొలతాడు పట్టి లాగాను. మా బజారులో అతని కులంవాళ్ల చేతిలో చిల్లర పైనుంచి వేస్తామే గాని చెయ్యి తగలనివ్వం. ఆ సంగతి నాకు చింతచెట్టు దాకా గుర్తు రాలేదు.

ఏసోబు నా వేలు చూపిన చోట కర్రతో తాకాడు. పైపొర లేచివచ్చింది. చప్పుడు కాకుండా దాన్ని పక్కన పెట్టి, దాటి నడిచాడు.

చింతచెట్టు కింద కూర్చున్నాక అన్నాడు: "ఇరవై ఏండ్లుగా తొక్కుతున్నా ఈ గట్టు. మీ కన్ను గట్టిది సెట్టిగారూ."

"కన్ను కాదు ఏసోబూ, బేరం."

కోనలో దిగి గంట కట్టాను. గుడ్డ విప్పి మూడుసార్లు మోగించాను. నాలుగోసారి దేవుడి కోసం కాదు, నా కోసం.

తిరుగుదారి కోన గుండానే అన్నాను. "అది రెండు రూపాయల దోవ," అన్నాడు ఏసోబు, నవ్వకుండా. "గట్టు కూలి గట్టుకే." రెండు కూలీలూ లెక్కపెట్టి ఇచ్చాను.

మర్నాడు సాయంత్రం రైలు దిగేసరికి మోకాళ్లు పట్టేసిన మనిషి జట్కా కట్టించుకుని స్టేషనుకు వచ్చి ఉన్నాడు. సంగతంతా విని, "గట్టు మీదనా? నేనెప్పుడూ కోన దోవనే పోయినాను రా," అన్నాడు. జట్కాలో తన పక్కన చోటు చేశాడు. తర్వాత లెక్క అడిగాడు.

రైలు, రూపాయి పద్నాలుగణాలు. బండి, పోనూ రానూ రూపాయి. తిండి, పద్నాలుగణాలు. ఏసోబుకు మూడుంబావు. గంట కాక మొత్తం ఏడు రూపాయలు. బేరమాడకుంటే ఐదు రూపాయల ముప్పావలాతో పోయేది.