దీపాల వేళ నిద్ర

పక్క ఫ్లాట్లో సాంబ్రాణి వేసినట్టున్నారు. ఆ వాసన తగిలితే చాలామందికి భక్తి కలుగుతుందేమో, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఇల్లిల్లూ దీపాలు పెట్టుకునే ఆ వేళకే నాకు నిద్ర ముంచుకొచ్చేది. ఆ వేళ పడుకున్న ఆడదాన్ని లోకులు ఎన్నేసి మాటలంటారో నాకు తెలుసు. వాళ్లకు ఎదురు చెప్పడం నాకు నేర్పింది అప్పటి మా ఇంటి ఓనరు అందాలమ్మ. మొదట ఆ మాటలన్నదీ ఆవిడే.

మన్సూరాబాద్‌లో వాళ్ల మేడమీది వాటాలో అద్దెకు దిగేనాటికే నాకు పెద్దపేగు వాపు జబ్బు. నెత్తురు పడటం మందులతో తగ్గింది. "రిపోర్టులు బాగున్నాయమ్మా, ఇంకా అలసటంటే అది మీ మనసులోనిదే" అన్నాడు డాక్టరు. కడుపు నన్ను రాత్రి ఎన్నిసార్లు లేపుతోందో ఆ రిపోర్టుల్లో ఉండదు, ఆయనా అడగలేదు. పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసి, ఇంటికి రాగానే చాప మీద ఒరిగిపోయేదాన్ని. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఆ ఇల్లు కట్టుకున్న అందాలమ్మకు అది కంటగింపుగా ఉండేది. "దీపాలు వెట్టే యాల్ల గీ పండుడేంది? నా ఇంటికి అరిష్టం" అని కిటికీ దగ్గర నిలబడి అనేది.

ఒక ఆదివారం పొద్దున నేరుగా పైకే వచ్చింది. మా బాత్రూం పైపు ఆవిడ పడకగది గోడ వెంట కిందికి దిగుతుంది. "రాత్రంత నీళ్లు వోతనే ఉంటయ్. ట్యాంకు ఖాళీ అయితుంది. ఏం చేస్తున్నరమ్మా?" అని నిలదీసింది. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా దాచుకున్న మాట కోపంలో బయటపడింది.

"విరేచనాలు ఆంటీ! రాత్రుళ్లు సగం బాత్రూంలోనే ఉంటున్నాను. నిద్రన్నది లేదు. నీళ్లు పోయకుండా బయటికి ఎలా రమ్మంటారు?" అని అరిచాను.

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. "గా ముచ్చట ముందుగాల చెప్పద్దా బిడ్డా? నేనేమో బద్ధకమనుకున్న" అంది. తప్పయిందని మాత్రం అనలేదు. అయితే ఆ సాయంత్రం నుంచి, నేను పడుకున్నప్పుడు వాకిట్లో గోల చేసే పిల్లల్ని ఆవిడే గదిమేది.

తరవాత కొన్నాళ్లకు గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చారు. రెండో రోజు సాయంత్రమే నా భుజం పట్టి కుదిపారు. "లే అమ్మాయ్! జబ్బు తగ్గిందన్నారుగా, ఇంకా ఈ మొద్దునిద్రేంటి? ఇంట్లో దీపం లేదు." మా ఆయన వింటూనే టీవీ చూస్తున్నాడు. లేవబోతే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాను. ఆ కేకలు విని అందాలమ్మ పైకొచ్చింది. కాళ్లు కడుక్కుని, మా దేవుడి గూట్లో తనే దీపం పెట్టింది.

"వదినా, దీపం నేను వెట్టిన. ఇగ పిల్లను పండనియ్యుండ్రి" అని, మా ఆయన వైపు తిరిగింది. "నీకు చేతుల్లేవా? రేపటి సంది నువ్వు వెట్టు." నన్నూ వదల్లేదు. "నువ్వు గూడ నోరు తెరువు. నీ తరఫున నేనెన్ని దినాలు మాట్లాడాలె?"

ఆ తిట్టు నాకు బాగా తగిలింది. మరుసటిసారి డాక్టరు రిపోర్టులు చూసి నవ్వబోతే, ముందు నా రాత్రుల సంగతి వినండని గట్టిగా అన్నాను. విన్నాడు. మందులు వేసుకునే వేళలు మార్చాడు. కొంత నయమైంది, పూర్తిగా కాదు.

అందాలమ్మ పోయిన ఏడు పోయింది. దశదినకర్మ నాడు ఆవిడ గదిలోనే, ఆ పైపున్న గోడ పక్కన, పొద్దుగూకే వేళకు నాకు కళ్లు మూతలు పడ్డాయి. ఎవరో బంధువు తట్టి లేపింది. "గీ యాల్ల పండుకుంటరా ఎవరన్న? లే, లే."

"నాకు పేగు జబ్బు. రాత్రి నిద్ర ఉండదు. ఇప్పుడు పట్టింది, లేవను" అన్నాను. గొంతు తగ్గించలేదు. ఈనాటికీ తగ్గించను. ఆమె గొణుక్కుంటూ వెళ్లిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. ముందు ఏడుపొచ్చింది, తరవాత నిద్రపట్టింది.